కంటికి కనబడినదెల్ల సత్యమేనా?

నేడు చేతిలో ఫోను గల ప్రతివాడును వార్తాచిత్రకారుడే. జరుగని సంఘటనను జరిగినట్లు చూపగల యంత్రములును వచ్చినవి. చూచినదానిని ఎంతవరకు నమ్మవలెనను ప్రశ్న ఇప్పుడు తరగతిగదిని కూడ తాకినది. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నూరేండ్ల క్రిందట, మూకీచిత్రముల కాలమున, రష్యాలో వార్తాచిత్రములు కూర్చినవారు దీనినే ఎదుర్కొనిరి.

వారిలో అగ్రగణ్యుడు జిగా వెర్తోవ్. 1918లో, విప్లవము జరిగి ఏడాది నిండక మునుపే, ‘కినో నెదేల్యా’ అను వార్తాచిత్రమాలలో ఆయన పనికి కుదిరెను. 1922 నుండి 1925 వరకు ‘కినో ప్రావ్దా’ పేర 23 సంచికలు వెలువరించెను. ప్రావ్దా యనగా సత్యము. బోల్షివిక్కుల దినపత్రిక పేరును అదియే. నటులు, కల్పితకథలు, రంగాలంకరణలు అక్కరలేదనియు, మానవనేత్రమునకు అందనిదానిని కెమేరానేత్రము పట్టగలదనియు ఆయన సిద్ధాంతము. తమ్ముడు మిఖాయిల్ కౌఫ్‌మన్ కెమేరా పట్టెడివాడు. భార్య ఎలిజవేతా స్విలోవా ఫిల్ము ముక్కలను కూర్చెడిది.

1924 నాటి ‘కినో గ్లాజ్’ చిత్రములో ఒక వింత కలదు. ఫిల్ము వెనుకకు నడువగా అంగడిలోని మాంసము మరల ఎద్దగును. రొట్టె మరల ధాన్యమై పొలము చేరును. లోకములో ఇట్లు జరుగదు. అయినను మనము తినుదాని వెనుక ఎందరి శ్రమ కలదో ఇంత సూటిగా తెలుపుట కష్టము. కావున కూర్పు స్వతహాగా అసత్యము కాదు. దానిని దాచుటతోనే చిక్కు మొదలగును. వెర్తోవ్ దాచలేదు. 1929లో వచ్చిన ‘కెమేరా పట్టిన మనిషి’లో చిత్రము తీయువానిని, ఫిల్ము కత్తిరించు స్విలోవాను కూడ ప్రేక్షకులకు చూపెను.

కూర్చువారి చేతిలోని బలము సామాన్యమైనది కాదు. జారు చక్రవర్తి వైభవమును చాటుటకై తీసిన దృశ్యములనే ఎస్ఫిర్ షూబ్ అను వనిత 1927లో వరుస మార్చి, ‘రోమనోవ్ రాజవంశ పతనము’గా కూర్చెను. చక్రవర్తి ప్రశంసకు పుట్టిన బొమ్మలే ఆయనపై సాక్ష్యము పలికినవి.

వెర్తోవ్ చూపిన సత్యమునకును ఎల్లలు గలవు. ఖర్చు ప్రభుత్వముది. 1922లో సోషలిస్టు రివల్యూషనరీలపై జరిగిన విచారణను కినో ప్రావ్దా చూపెను గాని, అది న్యాయమా యని అడుగలేదు. తుదకు ఆ ప్రభుత్వ వ్యవస్థయే ఆయనను ప్రక్కకు నెట్టెను. 1954లో మరణించిన ఆ ప్రతిభాశాలి కడపటి ఏండ్లు సాధారణ వార్తాచిత్రముల కూర్పులోనే గడచినవి.

బొమ్మను చూచినంతనే నమ్ముట యెంత సోమరితనమో, చూడకయే త్రోసిపుచ్చుటయు అంతే. ఎవరు తీసిరి, ముందువెనుకల ఏమి కత్తిరించిరి, ఎవరి సొమ్ముతో తీసిరి అని అడుగుట విద్యార్థులకు అలవడవలెను. అక్షరములు చదువ నేర్పిన ఉపాధ్యాయులే బొమ్మలను చదువుటయు నేర్పవలసియున్నది.