ఆ లోరెంజో వేరు, ఈ లోరెంజో వేరు

సంపాదకులకు,

మాకియవెల్లి ‘ది ప్రిన్స్’ గ్రంథాన్ని లోరెంజో ద మాగ్నిఫిసెంట్‌కు అంకితమిచ్చాడని గత ఆదివారం అనుబంధంలో ఫ్లోరెన్స్ మీద వచ్చిన వ్యాసం చెప్పింది. ఆ లోరెంజో 1492 ఏప్రిల్‌లోనే కన్నుమూశాడు. మాకియవెల్లి ఆ పుస్తకం రాసింది 1513లో. ఉద్యోగం ఊడి, మళ్లీ కొలువు కోసం తంటాలు పడుతున్న మనిషి, పోయి ఇరవై ఏళ్లు దాటిన ప్రభువుకు అర్జీ పెట్టుకుంటాడా?

అంకితం అందుకున్నది మనవడు, తర్వాత ఉర్బినో డ్యూక్ అయిన లోరెంజో. తాత పోయిన ఐదు నెలలకు పుట్టాడు. తాత పేరు మనవడికి పెట్టడం మనకేమన్నా కొత్తా? అసలు మాకియవెల్లి మొదట అనుకున్నది ఈ మనవడిని కూడా కాదు, అతని బాబాయి జూలియానోను. ఈ జూలియానోలూ ఇద్దరున్నారు. 1478లో పాట్సీ కుట్రలో, చర్చిలోనే కత్తిపోట్లకు బలైనవాడు పెద్ద లోరెంజో తమ్ముడు.

ఇక ఫొటో. సాన్ లోరెంజో చర్చిలో మైకెలాంజెలో చెక్కిన, ఆలోచనలో మునిగి కూర్చున్న విగ్రహం కిందా మాగ్నిఫిసెంట్ పేరే వేశారు. అది మనవడి సమాధి మీదిది. తాతా, హత్యకు గురైన ఆయన తమ్ముడూ అదే మందిరంలో, మేరీమాత విగ్రహం కింద, పూర్తికాని సమాధిలో ఉన్నారు. అనామకుడైన మనవడికి అంత వైభవం, తాతకు ఇంతేనా అనిపిస్తుంది. కానీ జరిగింది అదే.

పోటీ పరీక్షల పిల్లలు మీ అనుబంధాన్ని కత్తిరించి దాచుకుంటారు. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి.

— ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, తెనాలి