గృహవ్యవహారము: ప్రొద్దుటూరి పెండ్లి బేరములు



గండికోట చూడబోవు కుటుంబములు నేడు పెక్కులు. పెన్నానది కొండను చీల్చుకొని పారు లోయను, మాధవరాయస్వామి యాలయమును, జుమ్మా మసీదును చూచి మరలునప్పుడు స్త్రీలు తప్పక అడుగు మాట యొకటి కలదు: “ఇంతదూరము వచ్చితిమి గదా, ప్రొద్దుటూరిలో నేమి కొందము?” ఈ మాసమున మేము దానికే ప్రత్యుత్తరము వ్రాయ దలచితిమి.

ఈ సీమకు బేరములు క్రొత్తవి గావు. 1652లో టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు గోలకొండ సుల్తానున కమ్మదలచిన ముత్యములను వెంటగొని గండికోటకు వచ్చెను. అప్పుడా కోట మీర్ జుమ్లా చేతిలో నుండెను. అమూల్యవస్తువు లేవైనను ముందు మీర్ జుమ్లా చూచిన పిమ్మటనే సుల్తానునకు చేరవలయునట! అంతటి ప్రభువులే పరీక్షింపక కొనరైనప్పుడు, పంటసొమ్ముతో కొను గృహిణు లెంత పరీక్షింపవలయునో వేరుగ చెప్ప నక్కరలేదు.

పులివెందుల ప్రాంతమున చీనీతోటలు, అరటితోటలు గలవారు చేతికి సొమ్ము రాగానే బిడ్డ పెండ్లికని ప్రొద్దుటూరికి బయలుదేరుదురు. బంగారమునకును బట్టలకును ఆ యూరు పేరు పొందినది. దసరా దినములలో అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరి యలంకారము చూడవచ్చువారితో వీథులు క్రిక్కిరిసి యుండును. నిదానముగా బేరమాడ దలచువారు ఆ తొమ్మిది దినములు దర్శనమునకే యుంచుకొని, కొనుగోలు మరియొకప్పుడు పెట్టుకొనుట మంచిది.

మొదట చీరల మాట. జమ్మలమడుగు, మైలవరము ప్రాంతములందును ప్రొద్దుటూరియందును చేనేతవారు మగ్గములపై పట్టుచీరలు నేయుచున్నారు. అంగడిలో చీర చేతికి వచ్చినపుడు రెండు గుర్తులను వేరువేరుగా చూడవలయును. 2004లో ఏర్పడిన సిల్క్ మార్కు అది స్వచ్ఛమైన పట్టని మాత్రమే తెలుపును. చేతిమగ్గముపై నేసినదో, మరమగ్గముపై నేసినదో చెప్పదు. చేతినేత యని తెలుపునది 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్కు. ఒకదానిని చూపి రెండవదాని వెల అడిగినచో ఒప్పుకొనరాదు. అనుమానము తోచినపుడు అంచున వ్రేలాడు పోగు నొకటి తీసి నిప్పుపై పెట్టుడు. పట్టు వెండ్రుకలు కాలిన వాసన గొట్టి, నలిపిన పొడియగు బూడిద యగును. కృత్రిమనూలు కరగి గట్టి పూసవలె ముద్ద కట్టును. మేలైన జరీ యనగా పట్టుపోగుపై వెండితీగ చుట్టి బంగారు పూత పూసినది. రాగితీగతోను, ప్లాస్టికుతోను చేసినవియు జరీ యనియే అమ్ముడగును. కావున అది యే జరీయో రసీదులో వ్రాయించుకొనుడు.

ఇక బంగారము. మన పెద్దలు గీటురాయిని నమ్మిరి. ఇప్పుడు చూడవలసినది హాల్‌మార్కు. నగపై మూడు గుర్తు లుండవలయును: భారతీయ ప్రమాణముల సంస్థ ముద్ర, మేలిమిని తెలుపు అంకె, అక్షరములును అంకెలును కలసిన 6 స్థానముల గుర్తు. 22 కారెట్లకు 916, 18 కారెట్లకు 750 అని యుండును. ఈ 6 స్థానముల గుర్తు 2023 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి యైనది. 2 గ్రాములకు లోబడిన చిన్న వస్తువులకు మినహాయింపు కలదు. గుర్తులు మిక్కిలి సన్నములు. వానిని పది రెట్లు పెద్దవిగా చూపు అద్దము అంగడిలో నుండవలయును, సిగ్గుపడక అడుగుడు. ఆ గుర్తును చేతిఫోనులోని బి.ఐ.ఎస్. కేర్ యందు వేసి చూచినచో నగ వివరములు తెలియును. తరువాత పరీక్షలో మేలిమి తక్కువ యని తేలినచో, ఆ తక్కువకు రెట్టింపు సొమ్మును, పరీక్ష ఖర్చును పొందుటకు కొన్నవారికి హక్కు కలదు. అయితే రసీదు లేక ఆ హక్కు నెట్లు నిలుపుకొందురు?

తూకమునందు మరియొక మెలకువ. 40 గ్రాముల హారమున రాళ్లు 4 గ్రాములైనచో బంగారము 36 గ్రాములే. అది 22 కారెట్లదైనచో అందు మేలిమి 33 గ్రాములు. తరుగు నూటికి 10 చొప్పున వేసినచో 39.6 గ్రాముల వెల చెల్లింతుము, ఆ 3.6 గ్రాములు మన యింటికి రావు. బంగారపు ధర అంగడి అంగడికి పెద్దగా మారదు. మారునది తరుగు, మజూరీ. బేరమాడవలసిన దచ్చట. పని తక్కువగా నున్న గాజులకు తరుగు తక్కువ. రాళ్లు చెక్కిన నగకు ఎక్కువ. ఆపదకు అక్కరకు వచ్చునని కొనువారు మొదటివానినే యెన్నుకొనుట మేలు.

మే మెరిగిన పులివెందుల సీమ బిడ్డ యొకతె కలదు. ఆమె పెండ్లికి తండ్రి తోటపంట సొమ్మంతయు పెట్టి హారము కొనెను. “శెట్టిగారూ, రసీదెందుకు, మీ మాటే చాలు” నని తల్లి యనగా, తెల్లకాగితముపై తూకము మాత్రము వ్రాసి యిచ్చిరి. పండ్రెండేండ్ల తరువాత కూతురి చదువునకై దానిని అమ్మబోగా రాళ్ల బరువు పోయెను, మేలిమియు తగ్గెను. అంతకంటె బాధ యేమనగా, “అది మా సొమ్ముతో కొన్నది” యని అత్తవారు పలికినపుడు, కాదని చూపుటకు ఆమె చేత నొక్క కాగితమును లేకపోయెను.

కావున రసీదును పెండ్లికూతురి పేరనే వ్రాయింపుడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ విభాగము స్త్రీ సొత్తుపై ఆమెకు సంపూర్ణాధికార మిచ్చినది. స్త్రీధనము భార్యదే గాని భర్తతో ఉమ్మడి కాదని 1985లో ప్రతిభారాణి వ్యాజ్యెమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వరకట్నము 1961 నుండి నిషిద్ధము. అడుగక ప్రేమతో నిచ్చు కానుకలకు మాత్రము పట్టిక వ్రాయవలయునని 1985 నిబంధనలు చెప్పుచున్నవి. వస్తువు, ఇంచుమించు వెల, ఇచ్చినవారి పేరు, బంధుత్వము వ్రాసి వధూవరు లిద్దరును సంతకము చేయవలయును. వధువునకు వచ్చినవాని పట్టిక వధువు కడనే యుండవలయును.

చౌక యనగా నూరు రూపాయలు తగ్గించుకొనుట యని మన మనుకొందుము. కొన్న వస్తువు ఇరువదియేండ్ల తరువాతను తనదే యని, తాను కొన్నంతటిదే యని చూపగలుగుట అసలైన చౌక. మీ బిడ్డకు హారముతోపాటు ఆ రసీదును, పట్టికను ఒక సంచిలో పెట్టి యిండు. వచ్చు మాసమున పట్టుచీరలను దాచు విధమును గూర్చి వ్రాయుదుము.