వాళ్ల ఆట, మన ఆట

ఈ నెల ఒక పాత ఇంగ్లీషు మాట చెప్తాను. ఇంగ్లీషు మీడియం పిల్లల్ని అడిగినా తెలీదంటారు. ఆ మాట ‘లేక్’. చెరువు అనే లేక్ కాదు, ఇది వేరే. దీనికి అర్థం ఆడుకోవడం.

ఇంగ్లండుకు ఉత్తరాన యార్క్‌షైర్ అనే సీమ ఉంది. బ్రాడ్‌ఫర్డ్, హాలిఫాక్స్ లాంటి ఉన్ని మిల్లుల ఊళ్లు అక్కడివే. 866లో ఓడలెక్కి వచ్చిన వైకింగులు యార్క్ పట్నాన్ని పట్టుకుని, తర్వాత ఆ చుట్టుపక్కలే పొలాలు దున్నుకుని స్థిరపడ్డారు. ఈ మాట వాళ్లు తెచ్చిందే. స్వీడన్‌లో ఇప్పటికీ ఆడుకోవడాన్ని ‘లేకా’ అంటారు. పుస్తకాల ఇంగ్లీషు దాన్ని వదిలేసింది గానీ, మిల్లు కూలీల నోట్లో మాత్రం మిగిలింది.

అసలు సంగతి ఇక్కడుంది. పిల్లలు గుమ్మంలో నిలబడి లేకింగ్‌కి రమ్మని పిలిస్తే, ఆటకి రమ్మని. అదే ఇంటి పెద్దాయన తాను లేకింగ్‌లో ఉన్నానంటే, మిల్లు ఆగింది, పని లేదు, కూలీ లేదని. సరుక్కి గిరాకీ లేకపోయినా, సమ్మె జరిగినా అదే మాట. పక్కనున్న లాంకషైర్ నూలు మిల్లుల్లో ‘ప్లే’ అనే మాటనే ఇలా వాడుకున్నారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై పత్తి రావడం ఆగిపోతే, అక్కడ లక్షల మందికి పని పోయింది. పేరుకు ఆట, ఇంట్లో పస్తు!

మన తెలుగులో చూడండి, సరిగ్గా తిరగేసి ఉంది. పిండి ఆడిస్తాం, గానుగ ఆడిస్తాం. మగ్గం ఆడుతోందంటే పని నడుస్తోందని. చేతిలో డబ్బు ఆడాలి, ఊపిరి ఆడాలి. రెక్కాడితే గానీ డొక్కాడదు. మా షోలాపూర్‌లో నా చిన్నప్పుడు “ఇవాళ మగ్గాలు ఆడట్లేదు” అని నాయన అన్నాడంటే, అమ్మ ఆ పూట బియ్యం కొలిచి పోసేది. మేం పిల్లలం మాత్రం నాయన ఇంట్లో ఉన్నాడని సంబరపడేవాళ్లం.

మన దగ్గర దీన్నే లేఆఫ్ అంటాం. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టంలో దానికి పరిహారం చేర్చారు. ఏడాది సర్వీసు నిండినవాళ్లకి పని ఇవ్వలేని రోజుకి బేసిక్, డీఏ కలిపి అందులో సగం ఇవ్వాలని. కానీ బదిలీ వాళ్లకి అది లేదు. 50 మంది కన్నా తక్కువ పనిచేసే షెడ్లకీ లేదు. మన పేటల్లో ఎక్కువ మంది ఉన్నది ఆ షెడ్లలోనే కదా!

అందుకే నాకు రెండు మాటలూ కావాలి. మగ్గం మన తెలుగులో ఆడాలి. సెలవు రోజున, కూలీ తెగకుండా, తండ్రీ బిడ్డలు కలిసి యార్క్‌షైర్ పిల్లల్లా ఆడుకోవాలి.

మీ పేటలో మిల్లు ఆగిన రోజుని ఏమంటారు? మరాఠీ మాటైనా, తమిళ మాటైనా, ఒడియా మాటైనా సరే, రాసి పంపండి. వచ్చే నెల అవే చెప్పుకుందాం.