తెలుగు టైగర్స్ మళ్ళీ వస్తే మన పిల్లలకు ఒరిగేదేంటి?

2017 సెప్టెంబరులో ప్రీమియర్ ఫుట్సాల్ లీగ్ రెండో సీజన్ మొదలైనప్పుడు ఆరు జట్లలో ఒకదానికి మన పేరు పెట్టారు. తెలుగు టైగర్స్. ఆ సీజన్ తర్వాత లీగ్ మళ్ళీ జరగలేదు, లీగ్‌తో పాటే జట్టూ పోయింది. ఇప్పుడు ఊరూరా టర్ఫ్ కోర్టులు వచ్చాయి. రాత్రి పదింటికి కూడా లైట్ల కింద ఆడే కుర్రాళ్ళు కనిపిస్తారు. అలాంటి జట్టును ఎవరైనా మళ్ళీ లేపితే బాగుండు అని వాళ్ళు అనుకోవడంలో తప్పేం లేదు. కానీ నిడదవోలులో కొడుకు బూట్లకీ కోచింగ్‌కీ డబ్బు కట్టే అబ్బాకి ఇంకో లెక్క కావాలి. ఆ జట్టు ఎందుకు పోయింది? మళ్ళీ వస్తే నిలబడుతుందా?

ఫుట్సాల్ అంటే ఇండోర్ ఫుట్‌బాల్. జట్టుకు ఐదుగురు, 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, ఎక్కువ ఎగరని చిన్న బంతి. కోర్టు కొలత 40 మీటర్లు, 20 మీటర్లు. మన లెక్కలో దాదాపు 20 సెంట్లు. మామూలు ఫుట్‌బాల్ మైదానానికైతే ఎకరం ముప్పావు కావాలి. డెల్టాలో సెంటు భూమి ఎంత పలుకుతుందో వేరే చెప్పాలా? కాబట్టి మనలాంటి ఊళ్ళకు కుదిరే ఫుట్‌బాల్ ఇదే. నాలుగు గోడల మధ్య ఆట కాబట్టి, ఆడపిల్లలను గ్రౌండ్‌కి పంపడానికి వెనకాడే ఇళ్ళకు కూడా ఇది నచ్చొచ్చు. మహిళల ఫుట్సాల్‌కు మొదటి ప్రపంచ కప్ 2025లో ఫిలిప్పీన్స్‌లో జరిగింది కూడా.

మరి ఆట మంచిదైతే లీగ్ ఎందుకు ఆగింది? నేను చదివింది కామర్స్, ఖర్చు ఎటు పోయిందనే ముందు చూస్తాను. 2016లో మొదటి సీజన్‌కు ఫిగో, ఫాల్కావ్, గిగ్స్, స్కోల్స్, రొనాల్డినో లాంటి పేర్లు తెచ్చారు. రొనాల్డినో గోవా జట్టుకు కొన్ని మ్యాచ్‌లు ఆడి మధ్యలోనే వెళ్ళిపోతే ఆయన స్థానంలో కాఫూని తెచ్చారు. జనం చూసింది ఆ పేర్లనే, జట్లను కాదు. టోర్నీ నడిచేది రెండు వారాలే. రెండో సీజన్ ఫైనల్ ఏకంగా దుబాయ్‌లో పెట్టారు. రెండు వారాల ఆటకి ఏడాది పొడవునా అభిమానం ఎక్కడి నుంచి వస్తుంది? స్పాన్సర్ వెనక్కి తగ్గిన రోజున ఆదుకోవడానికి టికెట్ కొనే సొంత ఊరు ఉండాలి కదా.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఈ లీగ్‌ను గుర్తించలేదు. గుర్తింపు లేని లీగ్‌లో ఎంత బాగా ఆడినా ఆ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటా తలుపు తట్టడం కష్టం. తర్వాత 2021లో సమాఖ్యే సొంతంగా ఫుట్సాల్ క్లబ్ ఛాంపియన్‌షిప్ మొదలుపెట్టింది. మొదటి టైటిల్ ఢిల్లీ ఎఫ్‌సీది. 2023లో భారత జట్టు ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో తొలిసారి ఆడింది. స్టార్లు లేరు, హంగామా లేదు, కానీ రాస్తా ఇదే.

పోయిన ఇండోర్ జట్టు తిరిగి రావడం అసలు జరగని పనా అంటే, జరిగింది. మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్న డల్లాస్‌లోనే. 1984లో పుట్టిన డల్లాస్ సైడ్‌కిక్స్ 1987లో ఛాంపియన్ అయింది. 2004లో మూతపడి, ఎనిమిదేళ్ళ తర్వాత 2012లో మళ్ళీ కోర్టు ఎక్కింది. (అక్కడి ఆట ఫుట్సాల్ కాదు. చుట్టూ గోడలుంటాయి, బంతి గోడకు తగిలినా ఆట ఆగదు.) తిరిగి వచ్చినప్పుడు కోచ్‌గా పెట్టుకున్నది టాటూని. గోల్ కొట్టినప్పుడల్లా జెర్సీ విప్పి జనంలోకి విసిరిన పాత హీరో ఆయన. చిన్నప్పుడు ఆ జెర్సీ కోసం చేతులు చాపినవాళ్ళు 2012 నాటికి పిల్లల తల్లిదండ్రులు. ఆడే చోటు కూడా భారీ స్టేడియం కాదు, శివారు ఊరు అలెన్‌లోని ఓ మోస్తరు హాలు. అంటే అక్కడ లేపింది ఇరవై ఏళ్ళ జ్ఞాపకాన్ని. తెలుగు టైగర్స్‌కి ఉన్న జ్ఞాపకం ఒక్క సీజన్.

మన దగ్గర జట్టు నిలబడిన కాలం లేదా? ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం సాబ్ ప్రతిభ గురించి అందరూ చెబుతారు. నాకు అంతే ముఖ్యంగా కనిపించేది, ఆటగాళ్ళ వెనక పోలీసు కొలువు ఉండటం. ఆట ఆగినా ఇంట్లో పొయ్యి ఆగదు. ఈ కాలపు హైదరాబాద్ ఎఫ్‌సీని చూడండి. 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ కప్ ఎత్తింది. ఏడాదిన్నర తిరిగేసరికి డబ్బు కష్టాల్లో పడింది, యాజమాన్యం మారింది, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. కప్పు గెలిచిన జట్టుకే ఆ గతి పడితే రెండు వారాల జట్టు సంగతేంటి?

అందుకే రేపు ఎవరో పాత పేరుకి కొత్త లోగో వేసి, ట్రయల్స్ అంటూ నిడదవోలు జంక్షన్ దాకా పోస్టర్ అంటిస్తే వెంటనే పరిగెత్తకండి. రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం గుర్తింపు ఉందా? కాంట్రాక్టు ఎన్ని నెలలు? గాయమైతే ఆసుపత్రి ఖర్చు ఎవరిది? జీతం ఇచ్చేవాళ్ళు ఎంట్రీ ఫీజు ఎందుకు అడుగుతున్నారు? ఈ నాలుగూ కాగితం మీద చూపించమనండి. చూపిస్తే పంపండి, ఆడనివ్వండి. ఈలోపు రాజమండ్రిలోనో తాడేపల్లిగూడెంలోనో స్కూల్ పిల్లలకు ఓ చిన్న ఫుట్సాల్ లీగ్ ఏటా ఆగకుండా నడిపేవాళ్ళు దొరికితే, జకాత్‌లోంచి కాదు గానీ, దుకాణం లాభంలోంచి ఓ జత గోల్ పోస్టులకు డబ్బివ్వడానికి మన వ్యాపారులు ఆలోచించొచ్చు.