రేసు కారు ట్యాంకుల ఫోమ్ ఉన్నది, మన బస్సు ట్యాంకును చూసెటోడెవడు?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ల హుస్సేన్ సాగర్ ఒడ్డుకు ఫార్ములా ఈ రేసు జరిగింది. అవి బ్యాటరీ కార్లు, వాటికి పెట్రోలు ట్యాంకే ఉండది. పెట్రోలుతోటి ఉరికే రేసు కార్ల కత వేరు తమ్మీ. ఆ ట్యాంకు ముచ్చట జర ఇనుండ్రి, ఎందుకంటె అది మన పానాలకు సంబంధించింది.

ఆ ట్యాంకు ఉత్త రేకు డబ్బా కాదు. లోపల గట్టి రబ్బరు సంచి ఉంటది. చానా రేసు బండ్లల్ల ఆ సంచిల స్పంజి అసొంటి ఫోమ్ నింపుతరు. అంతా బొక్కలే, తేనెపట్టు లెక్క. వంద లీటర్ల ట్యాంకు నింపినా ఫోమ్ తినే జాగ రెండు మూడు లీటర్లే. అది చేసే పనులు రెండు. మలుపుల పెట్రోలు అటూ ఇటూ కొట్టుకోకుంట ఆపుతది. ఇంకోటి, ట్యాంకు సగం ఖాళీ అయినంక పైన ఆవిరి నిండుతది, పేలేది ఆ ఆవిరే. ఫోమ్ దాన్ని చిన్న చిన్న అరలుగ ఇడగొడుతది. నిప్పురవ్వ పడ్డా మంట అరకెల్లి అరకు జోరుగ పాకలేదు. వియత్నాం యుద్ధంల అమెరికా విమానాల ట్యాంకులల్ల గూడ గిసొంటిదే పెట్టిండ్రు.

మన బాయి మనుషులకు ఇది కొత్త ఇకమతు కాదు. 1815ల హంఫ్రీ డేవీ చేసిన బత్తి యాది చేసుకోండ్రి. మంట సుట్టూ సన్నటి జాలీ. లోపల మంట మండుతనే ఉంటది, జాలీ దాని వేడి గుంజుకుంటది, బయటి మీథేన్‌కు మంట అంటుకోదు. జాలీ మంచిగ ఉన్నన్ని దినాలు అంటుకోనియ్యదు. జాలీ చినిగితె బత్తే ముప్పు. అందుకే బాయిల దిగే ముందు దాన్ని పరీక్ష చేసుడు రివాజు.

ఫోమ్ మంత్రం కాదు. ట్యాంకు పగిలి నూనె బయట పారితె అది ఏం చెయ్యలేదు. అందుకే రేసోళ్లు సంచి గట్టిగ పెడుతరు, పైపు తెగితె దానంతటదే మూసుకునే వాల్వు పెడుతరు, సంచికి అయిదేండ్ల గడువు పెడుతరు. 2020 నవంబర్ల బహ్రెయిన్ల గ్రోజాన్ కారు రెండు ముక్కలై భగ్గుమన్నది. అర నిమిషంల ఆయన మంటలకెల్లి బయటికొచ్చిండు. ఏదో ఒక్కటే కాదు, అన్ని కాపుదలలు కలిసి కాపాడినయ్.

ఇగ మన దిక్కు చూద్దాం. 2013 అక్టోబర్ 30 తెల్లారుజామున పాలెం దగ్గర బస్సు కల్వర్టును గుద్దింది. డీజిల్ ట్యాంకు పగిలింది, 45 మంది కాలిపోయిండ్రు. పన్నెండేండ్లకు, 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరుల బస్సు కింద బైకు ఇరుక్కున్నది. పెట్రోలు కారి మంటలేసినయ్, బస్సుల 19 మంది పోయిండ్రు.

బస్సు బస్సుకు ఫోమ్ నింపాలె అంటలేను. రేసుల నేర్చుకోవాల్సింది కాయిదా: ట్యాంకు సక్కగ లేని బండి ట్రాకు మీదికి రాదు. రాజీవ్ రహదారి మీద బొగ్గు లారీల నడుమ రాత్రిపూట పోయే బస్సుకు ఆ కాయిదా ఎందుకు వద్దు? ఫిట్‌నెస్ కాయితం ఇచ్చే ముందు ట్యాంకు ఏడున్నది, దానికి అడ్డం ఏమున్నది, ఎనుక తలుపు తెరుసుకుంటదా, అద్దం పలగ్గొట్టే సుత్తె ఉన్నదా అని చూడాలె. చూసింది జనానికి కనబడేటట్టు బస్సుల అతికియ్యాలె. గిది అడుగుడు మన హక్కు.

ఆఖరి మాట బైకు పోరగాండ్లకు: ఇది సదివి పరుపు స్పంజి కోసి ట్యాంకుల కుక్కకుండ్రి. పెట్రోలుకు అది ఉబ్బి, చిదురై, పైపులకు అడ్డం పడుతది. రేసు ఫోమ్ వేరే రకం, దాన్ని గూడ గడువు చూసి మారుస్తరు. మీరు అడగాల్సింది స్పంజి కోసం కాదు. ఈసారి బస్సెక్కినప్పుడు ఎనుక తలుపు తెరిసి సూపియ్యమని డ్రైవర్ అన్నను అడుగుండ్రి.