మనం ఊడ్చి కాలబెట్టే ఆకును పట్నంల కొనుక్కుంటున్నరు

పోస్టు జర పెద్దదే, ఓపికగా చదవండి.

మొన్న హైదరాబాద్‌ల దోస్తు రూముకు పోయిన. చిన్న అక్వేరియం, అందులో ఒక ఫైటర్ చేప, అడుగున ఎండిన ఆకు. నీళ్లు పల్చటి డికాషన్ లెక్క ఉన్నయి. "చెత్త పడ్డది, తీయరాదురా" అన్న. వాడు నవ్విండు. ఆన్‌లైన్‌ల కొన్నడట, పది ఆకులకు వంద రూపాయల పైనే! చూస్తే మన నాటు బాదం ఆకు. పిట్లంలో మేం చదివిన బడి ఆవరణలో రోజూ ఊడ్చి అంటుపెట్టింది ఆ ఆకునే.

ఇంతకీ ఆ ఆకు ఏం చేస్తుంది? దాంట్ల టానిన్లు ఉంటాయి. కరక్కాయ నమిలితే నోరు పట్టేసే వగరు అదే. తంగేడు చెక్కతో తోళ్లు శుద్ధి చేసేది కూడా ఆ గుణంతోనే. అవి నీళ్లలోకి దిగి రంగు మారుస్తాయి, బూజును, కొన్ని రకాల బ్యాక్టీరియాను కొంత అణుస్తాయి. నానిన ఆకు మీద పట్టే సన్నటి జిగురు పొరను చిన్న రొయ్యలు తింటాయి. ఫైటర్ చేప థాయ్‌లాండ్ వైపు వరి మడుల, నిలువ నీళ్ల చేప. ఆకు రాలిన నీళ్లు దానికి సొంతిల్లు లాంటివి.

అట్లని ఇది సర్వరోగ నివారిణి కాదు. ఆకు వేస్తే పీహెచ్ తగ్గుతుందని అమ్మేటోళ్లు చెప్తరు. మెత్తటి నీళ్లల్ల నిజమే. గట్టి బోరు నీళ్లల్ల మాత్రం రంగు మారుతుంది గాని పీహెచ్ పెద్దగా కదలదు. ఆ నీళ్లలోని బైకార్బొనేట్లు ఆమ్లాన్ని మింగేస్తాయి.

చేసే పద్ధతి సులువే. చెట్టు మీది ఆకు తెంపొద్దు, పచ్చిది కుళ్లి నీళ్లు చెడగొడుతుంది. తనంతట రాలి, బాగా ఎండినదే ఏరుకోవాలి. రోడ్డు పక్కది, మందు కొట్టిన చేను దగ్గరిది వద్దు. గన్నేరు, జిల్లేడు అసలే వద్దు. శుభ్రంగా కడిగి ఎండబెట్టి, ఇరవై లీటర్లకు ఒక పెద్ద ఆకుతో మొదలు పెట్టాలి. ఈనెలు మాత్రమే మిగిలితే తీసేయాలి.

ఇప్పుడు అసలు మాట. నీళ్లకూ చెట్టుకూ ఉన్న సంబంధం మన పెద్దోళ్లకు కొత్తది కాదు. చిల్లగింజ అరగదీసి బురద నీళ్లు తేర్చుకున్నరు. ఏ కాయ దంచి వాగుల వేస్తే చేపలు మత్తెక్కి తేలుతాయో కూడా వాళ్లకు తెలుసు. అది సైన్సే. మనం రాసి పెట్టలేదు, అంతే.

ఎండాకాలం మా అమ్మ తెల్లారకముందే తునికాకుకు పోయేది. 50 ఆకులకు ఒక కట్ట, వెయ్యి కట్టలకు ఒక స్టాండర్డ్ బ్యాగు. హాస్టల్ల ఆ ముచ్చట చెప్పడానికి నాకు సిగ్గయ్యేది. ఇప్పుడు ఆ సిగ్గుకే సిగ్గయితుంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) ప్రకారం చిన్న తరహా అటవీ ఉత్పత్తులను సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనది. అయినా కల్లం కాడ ధర మనం చెప్పం, వాళ్లు చెప్తే వింటం. ఆకు మన చేయి దాటినంక ఏమైతుందో మనం పట్టించుకోకపోవడం కూడా దానికి ఒక కారణమని నా అభిప్రాయం.

బాదం ఆకు అమ్మి కోటీశ్వరులమైతమని చెప్తలేను. రేపు దీన్ని కూడా మనతోని సంచుల్లెక్కన ఏరించి, పేరు, లాభం వేరేటోళ్లు తీసుకోవద్దనే నా బాధ.

అందుకే సైన్సు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని చేయండి. మూడు సీసాలు తీసుకోండి. ఒకదాంట్ల ఉత్త బోరు నీళ్లు, ఒకదాంట్ల బాదం ఆకు, ఇంకోదాంట్ల వాగు ఒడ్డున దొరికే మద్ది ఆకు వేయండి. మద్ది, కరక, తాని అన్నీ బాదంతో పాటు టెర్మినేలియా జాతివే. రెండు వారాలు రోజూ రంగు, పీహెచ్ రాసిపెట్టి ఈ గ్రూపుల పెట్టండి. చేపలను తర్వాత తెచ్చుకోవచ్చు, ముందు లెక్క రాయడం మొదలుపెడదాం.