పాటల పెట్టె కొంటే తప్పా?

జీతం పడిన శనివారం మా క్యాంపులో వెల్డింగ్ చేసే తమ్ముడొకడు పెద్ద హెడ్‌ఫోన్ కొనుక్కొచ్చాడు. నూట ఇరవై డాలర్లు. వాడు అట్టపెట్టె విప్పుతుంటే గదిలో ఉన్నవాళ్లమంతా చుట్టూ చేరాం. ఒకరి తర్వాత ఒకరం చెవులకు తగిలించుకుని విన్నాం. ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసినప్పుడు వాడు ఈ సంగతి చెప్పి నోరు జారాడు. అంతే. "ఇక్కడ అప్పు తీరలేదు, అక్కడ నీకు పాటలు కావాల్సొచ్చాయా?" అని వాళ్ల పెద్దనాన్న తగులుకున్నారు. తెల్లారి మొహం వేలాడేసుకుని హెడ్‌ఫోన్ షాపులో తిరిగిచ్చేస్తానని బయల్దేరాడు. మేమే ఆపాం. ఎందుకు ఆపామో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఈ దేశంలో వస్తువు కొనడం ఒక సరదా. మన ఇళ్లలో ఎప్పుడో అటకెక్కిన గ్రామఫోన్ రికార్డుల్లాంటివే ఇక్కడ మళ్లీ ఎగబడి కొంటున్నారు. 2022లో అమెరికాలో రికార్డులు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడైతే సీడీలు 3 కోట్ల 30 లక్షలే. రికార్డులు సీడీలను దాటడం 1987 తర్వాత అదే మొదటిసారి. బీరు సంగతీ అంతే. ఇంట్లో బీరు కాచుకోవడానికి అనుమతిచ్చే చట్టం మీద 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టారు. అప్పుడు ఇళ్లలో కాచడం నేర్చుకున్న వాళ్లే తర్వాత చాలామంది చిన్న చిన్న బట్టీలు పెట్టారు. క్రాఫ్ట్ బీరు అంటున్నది వాటిలో కాచేదాన్నే. ఒక గ్లాసు ఏడెనిమిది డాలర్లు. కేంద్ర ప్రభుత్వం పెట్టిన కనీస కూలి 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. మిసిసిపీ, టెక్సాస్‌లలో అంతకు మించి రాష్ట్ర చట్టం కూడా లేదు. అంటే గంట చాకిరీకి ఒక గ్లాసు. మేమూ ఒకసారి రుచి చూశాం. వేపపుల్ల నమిలినట్టుంది!

వాళ్లు కొంటే అభిరుచి. మనం కొంటే దుబారా. ఈ లెక్క ఎవరు రాశారు?

బోస్ స్పీకర్ల పేరు విననివాళ్లుండరు. ఆ కంపెనీ పెట్టిన అమర్ బోస్ తండ్రి, బ్రిటిషువాళ్ల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన బెంగాలీ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తండ్రి వ్యాపారం దెబ్బతింటే, కుర్రవాడు రేడియోలు బాగుచేసి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చాడు. 1956లో పెద్ద చదువు పూర్తయిందని తనకు తానే బహుమతిగా ఒక మంచి స్టీరియో కొనుక్కున్నాడు. పాట అనుకున్నట్టు వినిపించలేదు. ఎందుకు వినిపించలేదని తవ్వుకుంటూ పోయి 1964లో కంపెనీ పెట్టాడు. మా తమ్ముడు కంపెనీ పెడతాడని కాదు. వలస వచ్చినవాడి కొడుక్కీ చెవులుంటాయని చెబుతున్నాం.

క్యాంపులో హెడ్‌ఫోన్ ఎందుకో బయటివాళ్లకు తెలియదు. ఒకే గదిలో పగటి డ్యూటీవాడూ రాత్రి డ్యూటీవాడూ ఉంటారు. ఒకరి నిద్ర వేళకు ఇంకొకరి వంట, ఫోన్లు, గురకలు. ఇల్లున్నవాడు తలుపేసుకుంటే ఊరికే దొరికే నిశ్శబ్దాన్ని మనం డబ్బు పెట్టి కొనుక్కోవాలి. గల్ఫ్‌కు వెళ్లిన మన పాతవాళ్లు టూ-ఇన్-వన్ కొన్నది షోకు కోసమేనా? ఉత్తరం రాయడం రానివాళ్లు క్యాసెట్‌లో మాటలు నింపి ఇంటికి పంపేవారు. అవతల అమ్మ ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా వినేది.

అప్పు ఎందుకు తీరలేదని అడగాల్సింది హెడ్‌ఫోన్‌ను కాదు. కత్రినా తుపాను తర్వాత, 2006 చివర్లో, సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ హెచ్-2బీ వీసాల మీద దాదాపు 500 మంది మన దేశపు వెల్డర్లను, పైప్ ఫిట్టర్లను మిసిసిపీలోని పాస్కగూలాకు, టెక్సాస్‌లోని ఆరెంజ్‌కు తెచ్చింది. గ్రీన్ కార్డు వస్తుందని నమ్మబలికిన ఏజెంట్లకు వాళ్లు 10 వేల నుంచి 20 వేల డాలర్ల దాకా కట్టి వచ్చారు. క్యాంపులో ట్రెయిలర్‌కు 24 మంది. దానికి జీతంలోంచి కోసింది నెలకు 1,050 డాలర్లు! అప్పటి లెక్కన నలభై వేల రూపాయలకు పైమాటే. 2008 మార్చిలో వాళ్లు పని వదిలి బయటికొచ్చారు. వాషింగ్టన్ దాకా వెళ్లి నిరాహార దీక్ష చేశారు. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లియన్స్‌లో జ్యూరీ ఐదుగురికి కలిపి 1 కోటి 40 లక్షల డాలర్లు ఇవ్వాలని తేల్చింది. ఆ ఏడాదే కంపెనీ దివాలా తీసింది, మిగతా కేసులు 2 కోట్ల డాలర్లకు రాజీ అయ్యాయి.

నెలకు వెయ్యి డాలర్లు మంచానికి పోతుంటే నోరెత్తనివాళ్లు, ఒక్కసారి నూట ఇరవై పాటకు పోతే పంచాయతీ పెడతారు. ఉద్యోగం ఇప్పించినందుకు హెచ్-2ఏ, హెచ్-2బీ కార్మికుల దగ్గర ఫీజు వసూలు చేయకూడదని ఇప్పుడు నిబంధన ఉంది. పెద్దనాన్నలారా, ఆ కోపం కాస్త ఏజెంటు మీద చూపించండి.

అయితే తమ్ముళ్లకూ ఒక మాట. కొంటే చేతిలో డబ్బుతోనే కొనండి. ఇక్కడ క్రెడిట్ కార్డు వడ్డీ ఏడాదికి ఇరవై శాతం పైనే. 24 శాతమైతే అది ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీయే. అక్కడ దణ్ణం పెట్టి తెస్తాం, ఇక్కడ కార్డు గీకి తెస్తాం, అంతే తేడా.

ఇంటికి పట్టుకెళ్లే సామానైతే వెనకున్న స్టిక్కర్ చదవండి. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. స్టిక్కర్ మీద 100-240 అని ఉంటే పర్వాలేదు. 120 ఒక్కటే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఊళ్లో ప్లగ్ పెట్టారో, పాటకు బదులు పొగ వస్తుంది. పాత రకం రికార్డు ప్లేయర్లలో కొన్నింటికి ట్రాన్స్‌ఫార్మర్ కూడా చాలదు. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఆ మోటారు నెమ్మదించి ఘంటసాల గొంతు కూడా మూలుగులా వినిపిస్తుంది.

తమ్ముడి హెడ్‌ఫోన్ గదిలోనే ఉంది. పెద్దనాన్న గారితో మేమే మాట్లాడాం. ఆయన ఇంకా మెత్తబడలేదు. వచ్చే శనివారం మళ్లీ ఫోన్ చేస్తాం.